గీతలు పడని వేళ్లు

ఫ్రేములాయన కూతురు ఆయన కన్న కూతురు కాదట. పాతికేళ్ల కిందట ఆయన ఈ వీధిలోకి వచ్చినప్పుడు చేతిలో ఒక రేకు పెట్టె, చంకలో ఏడాది పిల్ల ఉన్నారట. పిల్ల తల్లి ఏదయ్యా అంటే "పోయింది" అన్నాడట. ఎలా పోయింది, ఎప్పుడు పోయింది అంటే ఉలుకూ పలుకూ లేదట. ఏ ఆసుపత్రి మెట్ల మీదో దొరికిన పిల్లే అయి ఉంటుందట. అంతేనా, ఆ అమ్మాయి వేళ్ల మీద అసలు గీతలే లేవట. తన పుట్టుపూర్వోత్తరాలు బయటపడకుండా యాసిడ్‌లో ముంచుకుందట!

నోట్లో నువ్వుగింజ నానని వీధి అది. ఈ కబురు టైలరు దగ్గర బయలుదేరి మందుల షాపు దాకా వెళ్లి, తిరిగి వచ్చేసరికి యాసిడ్ ముక్క కూడా తోడైంది. ఎవరు కలిపారో ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయికి మాత్రం అందరికంటే చివర తెలిసింది. పక్క షాపులో ఇస్త్రీ చేసే అక్క చెప్పింది.

"నేను నమ్మలేదే తల్లీ," అంది అక్క, చొక్కా కాలరు తిప్పుతూ. "యాసిడ్ సంగతి అసలే నమ్మలేదు. నీ చేతులు నేను రోజూ చూస్తున్నానుగా."

"మిగతాది నమ్మావా?"

అక్క పెట్టె ఎత్తి, దించి, మళ్లీ ఎత్తింది. "నాకెందుకొచ్చిన గొడవ! కన్నా కనకపోయినా పెంచాడుగా. పెంచినవాడే తండ్రి."

ఓదార్పుగా అన్న మాటే. కానీ ఆ మాటతోనే అక్క కూడా నమ్మిందని ఆమెకు తెలిసిపోయింది.

ఆమెకు ఇరవై ఆరేళ్లు. తొమ్మిదో తరగతిలో ఉండగా తండ్రికి ఎడమ చెయ్యి పడిపోయింది. రెండు చేతుల పని ఒక చేత్తో సాగదు. ఆయన రమ్మనలేదు, ఆమె అడగలేదు. ఒక సోమవారం పొద్దున స్కూలు సంచి మేకుకు తగిలించి, ఆయన ఎడమ పక్కన నిలబడింది. ఆయన కొలత చెబితే ఆమె గాజు పలక పట్టుకునేది, ఆయన కుడి చేత్తో కోసేవాడు. ఏడాది తిరిగేసరికి కోయడమూ ఆమెదే అయింది. స్కేలు పెట్టి, కొనకు వజ్రపు తునక ఉన్న కలంతో ఒక్క గీత గీయాలి. ఒకే ఒక్కసారి. రెండోసారి గీస్తే గాజు పగులుతుంది. గీత కింద పుల్ల పెట్టి నొక్కితే టక్కున రెండుగా విడిపోతుంది. ఆ టక్కుమనే చప్పుడు సరిగ్గా వస్తే తండ్రి "ఆ" అనేవాడు. రాకపోతే ఏమీ అనేవాడు కాదు. ఆయన మెచ్చుకోలూ కోపమూ రెండూ ఆ ఒక్క అక్షరంలోనే.

ఫ్రేములు కట్టేవాళ్లందరికీ ఒక తలనొప్పి ఉంటుంది. గాజును ఎంత తుడిచినా, ఫొటో మీద పెట్టేటప్పుడు లోపలి వైపు వేలిముద్ర పడుతుంది. మేకులు కొట్టి, వెనక కాగితం అంటించాక అది కనబడుతుంది. మళ్లీ ఊడదియ్యాలి. ఈ షాపులో ఆ బాధ లేదు. తండ్రి ఒట్టి చేతులతో గాజు ఎత్తి పెట్టినా మచ్చ ఉండేది కాదు. ఆమె పెట్టినా అంతే. చెమట పట్టని పొడి చేతులు, కొసలు నున్నగా నది రాళ్లలా ఉంటాయి. చిన్నప్పుడు ఒకసారి తండ్రి వేళ్లను తన వేళ్ల పక్కన పెట్టుకుని, "మనకెందుకు నాన్నా ఇలా?" అని అడిగింది. "గాజు తినేస్తుందమ్మా," అన్నాడు. ఆమె అప్పటికి ఇంకా గాజు పని మొదలుపెట్టలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు. షాపులో ఆడుకుంటున్నాను కదా, గాజు పొడి అంటుకుని ఉంటుంది అనుకుంది.

ఆ షాపు, దాని వెనక ఒక గది, గదిలో ఒక కిటికీ. ఇంతే ఆస్తి. అంతకుముందు అక్కడ ఫ్రేములు కట్టిన ముసలాయన దగ్గర తండ్రి దాన్ని కొన్నాడు. కొన్నాక పని కూడా ఆ ముసలాయన దగ్గరే నేర్చుకున్నాడు. దానికి ముందు ఏం చేసేవాడో వీధిలో ఎవరికీ తెలియదు. ఆమెకూ తెలియదు. అడిగితే "ఏదో ఒకటి" అనేవాడు. మేకుల డబ్బా అడుగున ఒక రబ్బరు తొడుగు ఉండేది. కాగితాలు జారకుండా బొటనవేలికి పెట్టుకునే రకం, ఎండి బీటలు వారింది. "ఇదేంటి నాన్నా?" అంటే, "ఉండనీ" అన్నాడు. ఉండనిచ్చింది.

మూడు నెలల కిందట ఆయన నిద్రలోనే వెళ్లిపోయాడు.

పోయిన పదిహేనో రోజు పెదనాన్న కొడుకు వచ్చాడు. టైర్ల వ్యాపారం ఆయనది. పెదనాన్నకూ నాన్నకూ ఎప్పుడో మాటలు పోయాయి. తమ్ముడు చేసుకున్న పిల్ల అన్నకు నచ్చలేదు, అక్కడితో రాకపోకలు ఆగిపోయాయి. కాబట్టి ఆ పిల్లను గానీ, ఆమె కానుపును గానీ వాళ్ల తరఫున చూసినవాళ్లు లేరు. కానీ ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడగానే ఆమె చేతిలో గుడ్డ పక్కన పెట్టి ఆయన ముఖంలోకే చూసింది. అదే బండ ముక్కు. అదే వెడల్పాటి నుదురు. ఎడమ కనుబొమ్మ చివర అదే వంపు. తండ్రి ముఖం తండ్రి అన్న కొడుక్కి వచ్చింది. ఆమెది సన్నని ముక్కు, చిన్న నుదురు. అద్దాలకు కొదవ లేని షాపులో ఆ సంగతి ఆమెకు తెలియకపోలేదు. ఇప్పటిదాకా దానితో అవసరం పడలేదంతే.

"నీకు అన్యాయం చెయ్యను చెల్లెమ్మా," అన్నాడాయన, బల్ల మీది గాజు పలక మీద అరచెయ్యి ఆనించి. "మా బాబాయి కూతురివని ఒక్క కాగితం చూపించు. నేనే ముందు సంతకం పెడతా. లేదనుకో, మనిషన్నాక ధర్మం ఉంటుంది, నిన్ను వీధిలోకి తోసెయ్యను. ఏదో ఒక ఏర్పాటు చేద్దాం."

"కాగితం లేదన్నయ్యా. నేను పుట్టిన ఆసుపత్రే ఇప్పుడు లేదు. మూసేశారు."

"చూశావా మరి! నేనేమన్నా కల్పించి అంటున్నానా? లోకం అంటోంది."

ఆయన వెళ్లాక గాజు మీద అయిదు వేళ్ల ముద్రలు మిగిలాయి. ఒక్కో వేలికీ సుడి, సుడిలో సుడి, ఎంత స్పష్టంగానో. ఆమె గుడ్డ తీసుకుంది గానీ తుడవడానికి చెయ్యి రాలేదు. అంత వివరంగా తాను ఎక్కడా ఎప్పుడూ కనబడలేదు అనిపించింది.

షాపు పోతే ఎలాగోలా బతకవచ్చు. గాజు కోసేవాళ్లకు ఏ మూలనైనా పని దొరుకుతుంది. కానీ ఇరవై ఆరేళ్లుగా నాన్నా అని పిలిచిన పిలుపు ఎవరి సొమ్ము? అది ఆయనదైతే ఆమెది. ఆయనది కాకపోతే ఇన్నాళ్లూ ఎవరిదో పట్టుకుని తిరిగిందన్నమాట.

ఆస్తి తన పేరున మార్చుకోవడానికి ఆమె రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లింది. వరుసలో రెండు గంటలు నిలబడ్డాక చిన్న యంత్రం ముందు కూర్చోబెట్టారు. వేలు పెట్టమన్నారు. ఎర్ర దీపం వెలిగింది.

"చెయ్యి తుడుచుకోండి." తుడుచుకుంది. ఎర్ర దీపం.

"గట్టిగా నొక్కండి." నొక్కింది. ఎర్ర దీపం.

"ఇంకో వేలు." పది వేళ్లూ అయ్యాయి.

వెనక ఎవరో అన్నారు. "అది మనిషో కాదో యంత్రానికి కూడా తేలడం లేదురోయ్!" వరుసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వబోయింది. నవ్వితే తేలికవుతుందనుకుంది, కాలేదు.

"మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగింది యంత్రం దగ్గరి ఉద్యోగిని.

"గాజు కోస్తానండీ. ఫ్రేములు కడతాను."

"అదీ సంగతి. మేస్త్రీలకూ ఇంతే, అరిగిపోతాయి. నలభై రోజులు పని మానెయ్యండి, గీతలు వాటంతటవే లేస్తాయి. ఈలోగా చర్మం డాక్టరుకు కూడా ఒకసారి చూపించండి. అప్పుడు రండి. మీ అన్నగారు కూడా అభ్యంతరం పెట్టారు, ఇద్దరూ ఒకే రోజు వస్తే మంచిది."

బయటికి వస్తుంటే రికార్డుల గది గుమ్మంలో కూర్చున్న పెద్ద గుమాస్తా ఆమె చేతుల వంక చూశాడు. ఆ నెలలోనో పై నెలలోనో రిటైరయ్యే మనిషి. "ఎవరి తాలూకమ్మా?" అన్నాడు.

"గడియారం వీధిలో ఫ్రేములాయన కూతుర్నండీ."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఫ్రేములు కట్టేవాళ్లెవరూ నాకు తెలియదే," అని మళ్లీ కాగితాల్లో పడ్డాడు.

నలభై రోజులు. షాపు తలుపు సగం వేసి ఉంచింది. ఆర్డరు ఇవ్వడానికి వచ్చినవాళ్లకు "లేదండీ, ఇప్పుడు కట్టడం లేదు," అని చెప్పి పంపేసింది. మొదటి వారం ఎవరో ఒకరు వచ్చేవారు. రెండో వారం నుంచి ఎవరూ రాలేదు. చేతులు ముడుచుకు కూర్చోవడం అంత కష్టమైన పని ఇంకోటి లేదని ఆమెకు అప్పుడే తెలిసింది. పొద్దున లేవగానే కిటికీ దగ్గరకు వెళ్లి వేళ్లు వెలుగులో పెట్టి చూసుకునేది. పెసర మొలకల కోసం గుడ్డ విప్పి చూసినట్టు రోజూ అదే పని. కొబ్బరి నూనె రాసింది. వేడి నీళ్లు తాకలేదు. అంట్లు కూడా చేతులకు కవరు కట్టుకుని తోమింది.

బల్ల మీద తండ్రి ఫొటో ఉంది. ఆయన పోయాక ఉన్న ఒక్క చిన్న ఫొటోనే పెద్దది చేయించింది. బీడింగు చెక్క కోసి నాలుగు పక్కలూ సిద్ధం చేసింది. గాజు ఒక్కటే మిగిలింది. నలభై రోజులు గాజు ముట్టకూడదు. వీధిలో సగం ఇళ్ల గోడల మీద పోయినవాళ్లందరికీ ఆయన ఫ్రేములు కట్టాడు. ఆయన ఫొటో ఒక్కటే దుమ్ము పడకుండా పాత దినపత్రిక కప్పుకుని పడుకుంది. సాయంత్రాలు ఆమె ఆ కాగితం తీసి చూసేది. తన ముక్కు ఆ ముక్కులో వెతుక్కునేది. చెవులు చూసేది. చెవులు కూడా కలవలేదు.

ఒక రోజు ఇస్త్రీ అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏమే, మొలిచాయా?"

"లేదక్కా."

"పోనీలే. నా వేళ్లు చూడు, ఇస్త్రీ పెట్టె కాల్చి కాల్చి బొబ్బలే తప్ప గీతలున్నాయా? అయినా నేను మా అమ్మ కూతుర్నే. పుట్టగానే అచ్చు మా అమ్మ నోరే వచ్చింది, ఊరంతా వినేది." అని తానే నవ్వింది. తర్వాత అక్కడే కాసేపు ఊరికే నిలబడి వెళ్లిపోయింది. ఆమెకు అక్కను కూర్చోమనాలని ఉంది. ఆ మాట నోటి దాకా వచ్చేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

ముప్పై ఎనిమిదో రోజు డాక్టరు దగ్గరికి వెళ్లింది. పెద్ద వయసు డాక్టరు. భూతద్దం పెట్టి పది వేళ్లూ చూసి, కాలి వేళ్లు కూడా చూపించమంది.

"కాళ్లతో కూడా గాజు కోస్తావా?"

"లేదండీ."

"మరి కాళ్లకీ లేవే! ఇది పని వల్ల వచ్చింది కాదమ్మా. పని వల్ల అయితే ఈపాటికి తిరిగి వచ్చేవి. నువ్వు పుట్టడమే ఇలా పుట్టావు. చాలా అరుదు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"మా నాన్నకు కూడా నున్నగా ఉండేవండీ. కానీ ఆయనా గాజు పనే."

డాక్టరు భుజాలు ఎగరేసింది. "ఆయన్ని చూడకుండా నేనెలా చెప్పను?" అని, చెప్పినంత వరకు కాగితం మీద రాసి ఇచ్చింది.

నలభై ఒకటో రోజు ఆఫీసరమ్మ గదిలో నలుగురు ఉన్నారు. ఆఫీసరమ్మ, టైర్ల అన్నయ్య, ఆమె, సిరా పెట్టె పట్టుకుని పెద్ద గుమాస్తా. యంత్రం మళ్లీ ఎర్ర దీపమే వెలిగించింది గనుక, కాగితం మీద సిరాతో ముద్ర తీయమని ఆఫీసరమ్మ చెప్పింది.

గుమాస్తా ఆమె బొటనవేలు పట్టుకుని సిరా దిండు మీద దొర్లించి, కాగితం మీద ఒత్తాడు. నల్లటి కోడిగుడ్డు ఆకారం పడింది. లోపల ఒక్క గీత లేదు. మళ్లీ ఒత్తాడు. మళ్లీ అదే. మూడోసారి ఒత్తబోయి ఆగాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఆ మచ్చల వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఈ మచ్చ నేను ఇదివరకు తీశానమ్మా," అన్నాడు మెల్లగా. "ఉద్యోగంలో చేరిన కొత్తలో. దీనికి తిట్లు కూడా తిన్నాను."

ఎవరో ఏదో అనేలోపే గది దాటి వెళ్లిపోయాడు. అరగంటకు పైగా రాలేదు. అన్నయ్య రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. ఆమె తన నల్లటి వేలును కొంగులో దాచుకుని కూర్చుంది. గుమాస్తా వచ్చేసరికి చొక్కా నిండా బూజు, చేతుల్లో అట్ట ఊడిన పెద్ద రిజిస్టరు. తెరిచి బల్ల మీద పరిచాడు.

ఒక వరుసలో ముద్రలున్న చోట నల్లటి మచ్చలు, ఒకటి కాదు, పదకొండు. గడిలో చోటు చాలక పక్క గడిలోకి, కింది మనిషి వరుసలోకి కూడా దొర్లాయి. పక్కన ఎర్ర సిరాతో అప్పటి ఆఫీసరు రాశాడు: "గుమాస్తా నిర్లక్ష్యం. పేజీ పాడుచేసినాడు."

"నా నిర్లక్ష్యం కాదండీ," అన్నాడు గుమాస్తా, పాతికేళ్లకు మాట దక్కినవాడిలా. "మనిషి బొటనవేలికి రబ్బరు తొడుగు పెట్టుకుని వచ్చాడు. తీసెయ్యమన్నాను. తీశాడు. పదకొండు సార్లు ఒత్తాను. పాపం, చంకలో పిల్ల ఏడుస్తోంది. 'మీ తప్పు కాదండీ, నా చేతులే ఇంత' అన్నాడు. ఇదిగో, షాపు చిరునామా. గడియారం వీధి."

ఆమెకు మేకుల డబ్బా కళ్ల ముందు కదిలింది. చంకలోని ఆ పిల్ల తానే. ఆ గదిలోనే ఏడ్చింది. ఆమె పేజీ మీదికి వంగింది. కాగితం మీద తన మచ్చలు మూడు, రిజిస్టరులో ఆయనవి పదకొండు. పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పడం కష్టం.

ఆఫీసరమ్మ డాక్టరు కాగితాన్ని మళ్లీ చదివింది. "తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వస్తుందని రాశారు. మీరేమంటారండీ?"

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. చెడ్డ మనిషి కాదు. కానీ చేతికందిన దాన్ని ఊరికే వదిలే మనిషీ కాదు. "అయ్యో, నాకేం కక్షా మేడమ్? కానీ ఆలోచించండి. ఈ అమ్మాయికి పుట్టుకతో లేవేమో, కాదనను. మా బాబాయికి అలా కాదుగా! ఆయన ఫ్రేములాయన. గాజు కోసీ కోసీ అరిగిపోయాయి. మేస్త్రీలకు కూడా అంతేనని బయట మీ వాళ్లే అన్నారు. ఇందులో రక్తసంబంధం ఏముందీ?"

ఆమె తన నల్లటి వేలి వంక చూసుకుంది. ఆ మాట నాన్న చెప్పిందే. గాజు తినేస్తుందమ్మా.

గుమాస్తా అడుగు స్కేలు తీసుకుని ఆ వరుస కింద ఆనించాడు. "ఇది షాపు కొన్న రోజు ముద్ర బాబూ. అమ్మినాయన వృత్తి పై వరుసలో ఉంది, కొన్నాయనది ఈ వరుసలో. నాకు చూపు ఆనడం లేదు. మీరే చదవండి."

అన్నయ్య వంగాడు. పై వరుసలో ముసలాయన పేరు పక్కన వృత్తి గడిలో "ఫ్రేములు కట్టుట" అని ఉంది. కింది వరుసలో, పదకొండు మచ్చల పక్కన, అదే గడిలో గుమాస్తా ఉద్యోగం కొత్తలోని గుండ్రటి రాతలో ఇలా ఉంది: బస్సు కండక్టరు.